ఆసు పోసిన చేయి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



"చేతిపనిలో ఓర్పు, పట్టుదల" అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. పగలెల్ల అంకెలతో కుస్తీ పట్టి, సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లమీద భారత భాగవతములను కూడబలుకుకొని చదివినవాడను. కనుక ఈ విషయమును గూడ లెక్కలవానివలెనే చెప్పెదను. అందు మొదటి పద్దు నా తప్పిదమే.

మా అమ్మాయి పెండ్లికి ఒక పోచంపల్లి పట్టుచీర కొంటిని. పోచంపల్లి యనగానే మనలో పెద్దలకు భూదానము జ్ఞప్తికి వచ్చును. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబాభావే అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరముల భూమి నిచ్చిన చోటు అది. ఈనాటి పిల్లలకు మాత్రము అది చీరల ఊరు. నేను నేసినవాని యింటనే బేరమునకు కూర్చుంటిని. పట్టునూలు ఇంత, రంగులు ఇంత, మగ్గముమీద దినములిన్ని, దినమునకు కూలి ఇంత అని కాగితముపై పద్దులు వేసి మొత్తము కట్టి చూపితిని. అతడు ఆ కాగితమును కొంతసేపు చూచి, "లెక్క మీరే చెప్పిన్రు, ఇంక నేనేం చెప్పాలె?" అని ధర తగ్గించి ఇచ్చెను. నా లెక్క గెలిచినదని సంతసించితిని.

అమ్మాయి అత్తవారిల్లు హైదరాబాదులో బాగ్ లింగంపల్లి. ఆ పేరులో తోటయు, పల్లెయు రెండును గలవు గాని, ఇప్పుడచట ఎటు చూచినను మేడలే. నేను పోయినప్పుడెల్ల అచటి సుందరయ్య విజ్ఞాన కేంద్రపు గ్రంథాలయములోనో, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయములోనో ఒక పూట గడుపుదును. అశోక్‌నగర్ వీధులలో ఉద్యోగ పరీక్షలకై ఏండ్ల తరబడి చదువుచున్న పిల్లలను చూచి, ఓర్పు అనగా ఇదియే గదా అనుకొనెడివాడను. ఓర్పునకు వేరొక ముఖము గలదని ఆ పేటలోనే నాకు తెలిసినది.

ఒక పండుగనాడు అమ్మాయి ఆ చీర కట్టుకొనెను. ఇరుగుపొరుగు స్త్రీలు చూడవచ్చిరి. నేను బేరమాడిన తీరును గర్వముగా వర్ణించుచుంటిని. వారిలో ఆలేరు ప్రాంతమునుండి కొడుకు దగ్గర ఉండుటకు వచ్చిన ఒక వృద్ధురాలు గలదు. ఆమె చెంగును ఎడమచేత పట్టుకొని, వ్రేళ్ళతో తడిమి చూచినది. ధర అడుగలేదు. "ఆసు ఎవరు పోసిండ్రయ్యా?" అని అడిగినది.

నేను తెల్లబోయి, "నేసినాయన ఇల్లాలే పోసియుండునమ్మా" అంటిని.

"మరి ఆమె కూలి కట్టిన్రా?"

నాకు జవాబు దొరకలేదు. నా కాగితములో ఆ పద్దే లేదు. ఆమె కుడిచేయి భుజమునకు పైకి లేవదని అప్పుడు చూచితిని. ముప్పది యేండ్లు ఆసు పోసిన చేయి అది.

ఆసు ఎరుగనివారికి ఒక మాట చెప్పవలెను. పోచంపల్లి నేతలో బట్ట నేసిన పిదప దానిపై బొమ్మ వేయరు. నేయకముందే నూలునకు కట్లు కట్టి రంగులో ముంచుదురు. కట్టు ఉన్నచోట రంగు అంటదు. ఒక రంగు అయినవెంటనే కట్లు విప్పి, వేరొకచోట కట్టి, మరల ముంచుదురు. కట్టుటకు సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలను వాడుదురు. ఇంత చేసిన పిదప ఆ నూలు మగ్గమెక్కినప్పుడు, పోగు ప్రక్కన పోగు చేరి బొమ్మ తేలవలెను. పోగు జరిగిన బొమ్మ చెదరును.

ఆ కట్లు కట్టుటకు ముందు పేకనూలును వరుస తప్పకుండ అమర్చుటయే ఆసు. ఒక చట్రమునకు ఒక వైపున ఒక్క మేకు, ఎదుటి వైపున అర్ధచంద్రాకారముగా మేకుల వరుస ఉండును. దారమును ఇటునుండి అటు, అటునుండి ఇటు చేతితో త్రిప్పుచు పోవలెను. ఒక చీరకు చేయి సుమారు 9,000 మార్లు తిరుగవలెనని అందురు. నాలుగైదు గంటల పని. ఈ పని సాధారణముగా ఇంటి స్త్రీలదే.

నేను లెక్కలవాడను గదా, కూర్చుండి గుణించితిని. ఒక స్త్రీ నెలకు పది చీరలకు మాత్రమే ఆసు పోసినదనుకొందము. నెలకు 90,000 మార్లు. ఏడాదికి 10,80,000 మార్లు. ముప్పది యేండ్లకు 3 కోట్ల 24 లక్షల మార్లు. ఆ వృద్ధురాలి భుజముపై నుండిన అప్పు ఇది. ఏ చిట్టాలోను ఇది జమపడలేదు.

భర్తృహరి సుభాషితములను మన ఏనుగు లక్ష్మణకవి తెనిగించినాడు. పనిని గూర్చి మనుష్యులు మూడు తెగలని అందు చెప్పబడినది. విఘ్నము వచ్చునేమోయని మొదలే పెట్టనివారు అధములు. మొదలుపెట్టి విఘ్నము రాగానే విడుచువారు మధ్యములు. ఎన్ని విఘ్నములు వచ్చినను విడువనివారు ఉత్తములు. ఆ పద్యమును నేను ఎన్నిమార్లు చదివితినో చెప్పలేను. బాగ్ లింగంపల్లినుండి తిరిగి వచ్చిన పిదప నాకొక సందేహము కలిగినది. తాను కోరి మొదలుపెట్టని పనిని, విడుచుటకు వీలులేక, జీవితమంతయు చేసినవారు ఏ తెగకు చెందుదురు? చిన్ననాడే ఆసుముందు కూర్చుండబెట్టబడిన ఆడుపిల్లను ఉత్తమురాలని పొగడి మనము లేచిపోవచ్చునా? పొగడ్త సులభము. దానికి కూలి ఇయ్యనక్కరలేదు.

ఈ ప్రశ్నకు జవాబు పుస్తకములో గాక, ఆలేరు ప్రాంతముననే ఒక నేతబిడ్డ చేతిలో దొరకినది. చింతకింది మల్లేశం పేరు మీలో చాలమంది వినియుందురు. ఆలేరు మండలములోని శారాజీపేట ఆయన ఊరు. ఆరవ తరగతితో చదువు మానినవాడు. తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజము నొప్పితో బాధపడుట చూడలేక, 1992లో ఆ పని చేయు యంత్రమును నిర్మింప పూనుకొనెను. ఇంజనీరింగు చదువలేదు. చేత డబ్బు లేదు. నవ్వినవారు గలరు. పని వెదకికొని హైదరాబాదు చేరినను ఆ తలంపు మానలేదు. భాగము భాగముగా కూర్చుకొనుచు, 1999లో యంత్రమును ముగించెను. దానికి తల్లి పేరే పెట్టెను: లక్ష్మీ ఆసు యంత్రము. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరకు వచ్చెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. 2019లో ఆయన కథ చలనచిత్రముగ వచ్చెను.

తల్లి ఓర్పు నొప్పిని సహించినది. కొడుకు ఓర్పు ఆ నొప్పిని సహింపలేకపోయినది. ఏడేండ్లు పట్టుదలతో నిలిచినది ఆ సహింపలేనితనమే.

యంత్రము వచ్చిన చేతిపని చెడునని మనలో కొందరు శంకింతురు. నేను విచారించి చూచితిని. కట్లు కట్టునది నేటికిని చేయియే. రంగులో ముంచునది చేయియే. గుంతమగ్గముపై పోగులను సరిచూచి బొమ్మను నిలుపునది కన్ను, చేయి, కాలు. వీనిలో ఓర్పు పెరిగినకొలది నేర్పు పెరుగును. పదేండ్లు కట్టినవాని కట్టునకును, ఏడాది కట్టినవాని కట్టునకును భేదము గలదు. ఆసులోనైన, చేయి కుదిరిన పిదప పెరుగు నేర్పు కొంచెము, అరుగు భుజము మిక్కుటము. కావున ఏ ఓర్పు పనివానిని పెంచుచున్నది, ఏ ఓర్పు పనివానిని తినివేయుచున్నది అని విడదీసి చూచుట మన ధర్మము. మొదటిదానిని గౌరవింపవలెను. రెండవదానిని మాన్పింపవలెను.

ఆ వృద్ధురాలితో ఈ యంత్రము మాట ఎత్తితిని. ఆమె నవ్వి, "మిషను వచ్చేసరికి నా రెక్క పోయిందయ్యా" అన్నది. అంతకుమించి ఏమియు అనలేదు.

ఇంటికి వచ్చి, నాకు చీర నమ్మినవాని యొద్దకు మరల పోతిని. అతని యింట ఇంకను చేతి ఆసే. ఇల్లాలు చట్రము ముందు కూర్చున్నది. చేయి పోవుచు వచ్చుచున్నది. నేను నిలుచుండి లెక్కింప మొదలిడి, మూడు నూర్లు దాటగానే తప్పితిని. బేరములో తగ్గించిన సొమ్మును అతని ముందు పెట్టి, "ఒక పద్దు మరచితిని నాయనా" అంటిని. అతడు ఆ సొమ్మును తీసికొని భార్య చేతికిచ్చి ఇట్లనెను: "మీరియ్యకున్న నడుస్తుండె సారూ. ఇంకోపారి బేరం చేసేటప్పుడు మాయామెను గూడ కూసోబెట్టి చెయ్యుండ్రి."

ఇన్నేండ్ల నా లెక్కల చదువులో ఇంతకంటె గొప్ప పాఠము నేను వినలేదు.

సభ్యులారా, మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ సంచికలో అధ్యక్షుల పేర్లు, దాతల పేర్లు ముద్రింపబడును. అది ఉచితమే. కాని ఇన్నేండ్లు తలుపు తీసి ఊడ్చినవారు, చినిగిన పుస్తకములకు అట్టలు కుట్టినవారు, అప్పుపుస్తకములకై ఇల్లిల్లు తిరిగినవారు గలరు. వారు పోసినది మన గ్రంథాలయపు ఆసు. వారి పేర్లు గూడ ఒక పుటలో చేర్పుడని కార్యవర్గమును ప్రార్థించుచున్నాను. ఆ పుట వ్రాయుటకు నేను కూర్చుందును. పేర్లు చెప్పుటకు మాత్రము వారినే పిలిచి కూర్చుండబెట్టుడు.