అద్దం వెనక మన అట్టలు



మొన్న మా సోలాపూర్‌లో ఒక బట్టల దుకాణం షోకేసులో ఆర్ట్ కాలేజీ పిల్లలు పాత జకార్డు అట్టలను తోరణాల్లా వేలాడదీసి, కింద చద్దరు పరిచారు. జనం ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. నలభై ఏండ్లు మగ్గం నడిపిన మా పెద్దనాయన మాత్రం చిల్లులే చూస్తూ నిలబడ్డాడు. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు గదా; చిల్లు ఉన్నచోటే పడుగు పోగు లేస్తది.

"వరుస తప్పిందిరా, ఇట్లయితే నెమలి తోక రాదు" అన్నాడు. పిల్లలు విని, ఆయన్ను లోపలికి పిలిచి సరిచేయించుకున్నారు. మంచి పిల్లలే. కానీ చీటీ మీద వాళ్ల పేర్లు, దుకాణం పేరు ఉన్నాయి. చద్దరు నేసినాయన పేరు లేదు. అడిగితే చోటు లేదన్నాడు షాపాయన!

ఆ అట్టలు మనం తుక్కుకు తూకం వేసి అమ్మినవే. ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే, అమ్మేముందు ఆ పిల్లలకు కబురు పెట్టండి. ఇచ్చేటప్పుడే చీటీలో పేరు రాయించుకోండి.