లెక్కలో ఆడవాళ్లు కనబడాలి
(సర్వసభ్య సమావేశంలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పుల లెక్కలు చెప్పుకున్నాం. ఇప్పుడు మన ఆరోగ్యానికి సంబంధించిన లెక్క ఒకటి చెప్పుకుందాం.

దక్షిణాఫ్రికాలో కురైషా అబ్దుల్ కరీం అనే శాస్త్రవేత్త ఉన్నారు. జబ్బు ఎవరికి వస్తోంది, ఎందుకొస్తోంది అని జనంలో లెక్క తీయడం ఆమె పని. ఆ చదువునే ఎపిడెమియాలజీ అంటారు. అక్కడ హెచ్ఐవి అప్పుడప్పుడే పాకుతున్న రోజుల్లో ఆమె బృందం పల్లెజనం రక్తపరీక్షల లెక్క తీసి, 1992లో ప్రచురించింది. జబ్బున్నవాళ్లు వందకు ఒకరిద్దరే. కానీ మగవాళ్లకంటే ఆడవాళ్లలో మూడు రెట్లకు పైగా ఉంది. ఆడామగా విడివిడిగా రాయకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

కండోమ్ వాడమని చెప్పడం తేలిక. కానీ వాడాల్సింది మగవాడు. వద్దంటే ఆడమనిషి ఏం చేయగలదు? అందుకే ఆడవాళ్లు తమంతట తామే వాడుకోగల మందు కోసం ఆమె ఏళ్ల తరబడి పనిచేశారు. 889 మంది స్త్రీలతో టెనోఫోవిర్ జెల్‌ను పరీక్షించారు. జెల్ వాడినవాళ్లలో హెచ్ఐవి సోకడం 39 శాతం తగ్గిందని 2010లో తేలింది. ఇంకొకరు చేసిన పెద్ద పరీక్షలో, 2015లో, ఆ ఫలితం రాలేదు. చాలామంది అమ్మాయిలు ప్రతిసారీ వాడలేకపోయారు. పెద్దవాళ్లున్న ఇంట్లో చాటుగా వాడటం కుదిరే పనేనా?

అయినా ప్రయత్నం ఆగలేదు. ఆరునెలలకోసారి వేసే లెనకాపవిర్ సూదిని దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 2,134 మంది యువతులకు ఇచ్చారు. వాళ్లలో ఒక్కరికీ హెచ్ఐవి సోకలేదని 2024లో తేలింది.

మరి మన సంగతి? ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవి పరీక్ష, మందులు ఉచితం. గర్భిణి ముందే పరీక్ష చేయించుకుని మందులు వాడితే బిడ్డకు సోకకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. 2017 చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

అందుకే ప్రతి సంఘాన్నీ కోరుతున్నాం. ఎంతమంది గర్భిణులకు పరీక్షల గురించి చెప్పామో లెక్క రాయండి. ఎవరికి ఏం తేలిందో మాత్రం మినిట్స్ పుస్తకంలోకి రాకూడదు, రచ్చబండ దగ్గరికీ పోకూడదు. హెచ్ఐవి ఉందని ఏ సభ్యురాలికీ అప్పు ఆపొద్దు. కలిసి కూర్చుంటే, కలిసి తింటే ఈ జబ్బు అంటదు. ఆమె చాప మీద ఆమె చోటు ఆమెకుండాలి.