హావీ సివేరియో: క్లబ్ వెళ్లిపోయింది, ప్లేయర్ మిగిలాడు

ఈ ఎపిసోడ్ ఒక ఫుట్‌బాల్ స్ట్రైకర్ గురించి. మెస్సీ కాదు, ఎంబాపే కాదు. మీలో చాలామంది పేరు కూడా విని ఉండరు. కానీ మన హైదరాబాద్ టీమ్ ఇండియా ఛాంపియన్ అవ్వడంలో ఇతనికీ ఒక వాటా ఉంది. పేరు హావీ సివేరియో, స్పెయిన్ దేశస్థుడు. కామెంటరీలో 'జావి' అంటుంటారు గానీ, స్పానిష్‌లో ఆ అక్షరాన్ని 'హ' లాగా పలుకుతారు. మనం హావీ అనే అనుకుందాం.

ఇలా ఊరూరా క్లబ్బులు మారుతూ ఆడేవాళ్లని 'జర్నీమన్' అంటారు. జర్నీ అనగానే ప్రయాణం అనుకుంటాం కదా? ఈ మాట అక్కడి నుంచి రాలేదండీ. ఫ్రెంచ్‌లో 'జూర్నే' అంటే రోజు, ఒక రోజు పని. పూర్వం యూరప్‌లో పని పూర్తిగా నేర్చుకుని, సొంత దుకాణం లేక, వేరేవాళ్ల దగ్గర రోజు లెక్కన కూలికి చేసేవాడు జర్నీమన్. అంటే పని రానివాడు కాదు. పని బాగా వచ్చు, సొంత చోటే లేదు. ఈ అర్థం గుర్తుపెట్టుకోండి, దీనితో మనకి పని ఉంది.

సివేరియో 1997లో పుట్టాడు, మన బ్యాచే. స్పెయిన్‌లో రేసింగ్ సాంటాండెర్ క్లబ్‌లో ఆడాడు, ఆ తర్వాత లాస్ పాల్మాస్ క్లబ్ రెండో జట్టులో. స్పెయిన్ లాంటి దేశంలో రెండో జట్టులో ఉండటం ఎలాంటిదంటే, మన దగ్గర రంజీ ప్రాబబుల్స్‌లో ఉండటం లాంటిది. ఆట ఉంది, కానీ పైన క్యూ చాలా పెద్దది. ఇరవై మూడేళ్లకి అతను తీసుకున్న నిర్ణయం ఇండియా రావడం. 2021లో హైదరాబాద్ ఎఫ్‌సీ సైన్ చేసింది. కోచ్ మనోలో మార్కెజ్, ఆయనా స్పెయిన్ వాడే.

ఇక్కడ ఒక రూల్ చెప్పాలి. ఐఎస్‌ఎల్‌లో అప్పుడు స్క్వాడ్‌లో ఆరుగురు విదేశీయులు ఉండొచ్చు, మైదానంలో మాత్రం ఒకేసారి నలుగురే. అంటే విదేశీ ప్లేయర్ సీటు చాలా ఖరీదైన సీటు. రెండు నెలలు గోల్ కొట్టకపోతే జనవరిలో ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. పైగా సివేరియో వచ్చిన టీమ్‌లో అప్పటికే సెంటర్ ఫార్వర్డ్ ఎవరు? బార్తలోమ్యూ ఓగ్బెచె! 2002 వరల్డ్ కప్‌లో నైజీరియా జట్టులో ఉన్నవాడు, పీఎస్‌జీలో కెరీర్ మొదలుపెట్టినవాడు. ఆ 2021-22 సీజన్‌లో ఓగ్బెచె 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. సివేరియో కొట్టినవి 7.

ఏడే కదా అనుకోకండి. ఏ మ్యాచ్‌లో కొట్టాడో చూద్దాం. 2022 మార్చి 12, సెమీఫైనల్ మొదటి లెగ్, ఎదురుగా ఏటీకే మోహన్ బగాన్. రాయ్ కృష్ణ గోల్‌తో వాళ్లే ముందు. హాఫ్ టైమ్ ముందు ఓగ్బెచె సమం చేశాడు. తర్వాత మహమ్మద్ యాసిర్ రెండోది. 64వ నిమిషంలో సివేరియో మూడోది. 3-1. ఆ క్షణంలో ఆ మూడో గోల్ అదనపు ముచ్చటలా కనిపించింది. నాలుగు రోజులకి రెండో లెగ్‌లో మోహన్ బగాన్ 1-0తో గెలిచింది. రెండు లెగ్‌లు కలిపితే 3-2. ఇప్పుడు ఆ గోల్ తీసేసి లెక్క వేయండి. 2-2, ఎక్స్‌ట్రా టైమ్, ఆ పైన ఎవరికి తెలుసు?

మార్చి 20, ఫటోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌తో. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో 1-1. పెనాల్టీలు. సివేరియో తన పెనాల్టీ మిస్ చేశాడు! మామూలుగా అయితే కథ అక్కడే అయిపోవాలి. కానీ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, హైదరాబాద్ 3-1తో ఛాంపియన్. వారంలో ఒక గోల్‌తో టీమ్‌ని ఫైనల్‌కి తీసుకెళ్లిన మనిషి, ఫైనల్లో పెనాల్టీ వదిలేశాడు, కట్టిమణి అతన్ని కాపాడాడు. జట్టు ఆట అంటే ఇదే కదా. ఇంకో విషయం ఏంటంటే, కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. మన హైదరాబాద్ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఛాంపియన్ అయింది.

2023లో సివేరియో హైదరాబాద్ వదిలి ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. డ్యూరాండ్ కప్‌లో ఫైనల్ దాకా వెళ్లి మోహన్ బగాన్ చేతిలో ఓడిపోయారు. 2024 జనవరి 28న ఈస్ట్ బెంగాల్ సూపర్ కప్ గెలిచింది. టీమ్ కప్పు గెలిచింది కదా, ఇంక సీటు ఖాయం అనుకుంటాం. లేదండీ! ఆ పండగ వేడి తగ్గకుండానే అతన్ని లోన్ మీద జంషెడ్‌పూర్ పంపేశారు. అక్కడ కోచ్ ఖాలిద్ జమీల్. 2025 ఏప్రిల్‌లో సెమీఫైనల్ మొదటి లెగ్‌లో మళ్లీ మోహన్ బగాన్ మీదే గోల్ కొట్టాడు. జంషెడ్‌పూర్ ఆ మ్యాచ్ 2-1తో గెలిచింది, రెండో లెగ్‌లో ఓడి బయటికొచ్చింది. మే నెల సూపర్ కప్ ఫైనల్లో జంషెడ్‌పూర్‌ని 3-0తో ఓడించిన టీమ్ ఎఫ్‌సీ గోవా, కోచ్ మనోలో. ఆ వేసవిలోనే ఎఫ్‌సీ గోవా సివేరియోని తీసుకుంది. పాత కోచ్ పాత మనిషిని పిలిచాడన్నమాట.

2025 ఆగస్టు 13. ఏషియన్ ఛాంపియన్స్ లీగ్ టూ క్వాలిఫయర్, ఒమన్ క్లబ్ అల్ సీబ్‌తో. గోవా 2-1తో గెలిచింది. రెండో గోల్ సివేరియోది. ఆ గెలుపుతో గ్రూప్‌లోకి వెళ్లారు, డ్రాలో రొనాల్డో క్లబ్ అల్ నస్ర్ పడింది. అక్టోబర్‌లో అల్ నస్ర్ నిజంగానే గోవా వచ్చి ఆడింది. రొనాల్డో మాత్రం రాలేదు, అది వేరే బాధ!

సరే, ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మనవాడు వదిలి వెళ్లిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఏమైంది? జీతాల బకాయిలు. 18 గోల్స్ కొట్టిన ఓగ్బెచెకి ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వనందుకు, కొత్త ప్లేయర్లని తీసుకోకుండా ఫిఫా బ్యాన్ పెట్టింది. విదేశీయులు వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు. 2025లో క్లబ్బే హైదరాబాద్ వదిలి ఢిల్లీ వెళ్లి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. అసలు ఈ క్లబ్ పుట్టిందే 2019లో, పుణె క్లబ్ మూతపడితే ఆ సీటులో. పుణె, హైదరాబాద్, ఢిల్లీ, ఆరేళ్లలో మూడు ఊళ్లు. ఇప్పుడు చెప్పండి, నిలకడ లేనిది ఎవరికి? ప్లేయర్‌కా, క్లబ్‌కా?

ఈ ప్రశ్న నేను వైజాగ్‌లో కూర్చుని అడగడానికి కారణం ఉంది. మన ఊళ్లో 'పర్మనెంట్' అనే మాటకున్న విలువ ఇంకే మాటకీ లేదు. పోర్టులో పర్మనెంట్, స్టీల్ ప్లాంట్‌లో పర్మనెంట్ అంటే పెళ్లి సంబంధం సగం కుదిరినట్టే. అలాంటిది 2021 జనవరిలో స్టీల్ ప్లాంట్‌లో నూరు శాతం వాటా అమ్ముతాం అనగానే, పర్మనెంట్ వాళ్ల ఇళ్లల్లో కూడా నిద్ర పోయింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. అదే ఏడాది కాంట్రాక్ట్ కార్మికుల తొలగింపు మీద గాజువాక వైపు ధర్నాలు. మనం సాఫ్ట్‌వేర్ వాళ్లం కూడా బెంచ్ మీద ఎన్నాళ్లో లెక్కపెట్టుకునేవాళ్లమే. చోటు ఖాయం అన్న భరోసా ఎవరికీ పూర్తిగా లేదు.

అలాగని 'ఉద్యోగం ఏముంది, మారుతూ ఉంటే చాలు' అని నేను చెప్పను. అలా చెప్పడం చాలా తేలిక. సివేరియోని నిలబెట్టినవి ఏంటో విడదీసి చూడండి. ఒకటి, ఏ ఊళ్లోనైనా పనికొచ్చే పని. పెద్ద స్టార్ పక్కన కూడా ఆడగలడు, ఒక్కడే ముందు నిలబడి కూడా ఆడగలడు. రెండు, ఆ పని దగ్గర నుంచి చూసిన మనుషులు. మనోలో 2024లో ఇండియా కోచ్ అయ్యారు, ఆయన తర్వాత 2025లో ఖాలిద్ జమీల్ అయ్యారు. ఇద్దరి దగ్గరా పనిచేసినవాడు ఇతను. అలాంటివాళ్లు నమ్మడం చిన్న విషయం కాదు.

మూడోది, మనం తరచుగా మర్చిపోయేది. కాగితం మీద కాంట్రాక్ట్, దాని వెనకాల ఫిఫా. క్లబ్ జీతం ఎగ్గొడితే, ఎక్కడో స్విట్జర్లాండ్‌లో ఉన్న సంస్థ ఆ క్లబ్ చేతులు కట్టేయగలదు. జర్నీమన్ ధైర్యంగా ఊళ్లు మారగలుగుతున్నాడంటే ఆ ధైర్యం వెనకాల ఇది ఉంది. మన గాజువాక కాంట్రాక్ట్ కార్మికుడికి పని వచ్చు, అతని పని తెలిసిన సూపర్‌వైజర్ కూడా ఉంటాడు. ఒక రోజు గేట్ పాస్ ఆగిపోతే, కాంట్రాక్టర్ మీద అంత వేగంగా బ్యాన్ పెట్టే ఫిఫా అతనికి ఎక్కడుంది? అందుకే ఇద్దరివీ ఒకే కథ అని నేను అనను. పని ఇద్దరికీ వచ్చు. తేడా ఆ మూడో దాంట్లోనే.

కాబట్టి ఈసారి ఎవరైనా 'వాడు ఎక్కడా నిలవడు' అంటే, వెంటనే తల ఊపేయకండి. వాడు వదిలేసిన చోటు ఇప్పటికీ ఉందా లేదా, అది కూడా ఒకసారి అడగండి.

మీరు ఎన్ని కంపెనీలు మారారు, మారినప్పుడు మీ వెనకాల నిలబడింది ఏంటి, పనా, మనుషులా, కాగితమా? కామెంట్లలో రాయండి, అన్నీ చదువుతాను. స్టీల్ ప్లాంట్‌లో, పోర్టులో పనిచేసేవాళ్లు ఉంటే తప్పకుండా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.