పొత్తులో ప్రభుత్వ విద్యాలయము

అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ కూటములలో 1979లో వెలసిన బిగ్ ఈస్ట్ పేరెన్నిక గన్నది. ఫుట్‌బాల్ ధనాశచే అది చీలిపోగా, 2013లో ఏడు క్యాథలిక్ విద్యాలయములు ఆ పేరు నిలుపుకొని, మరి మూడింటిని చేర్చుకొన్నవి. పదియు ప్రైవేటు సంస్థలే.

అట్టి పంక్తిలో ప్రభుత్వ విశ్వవిద్యాలయమునకు పీట వేయదగునా? పోషకు లెవరని గాక, దాని మనసు ఏ ఆటపై నున్నదని విచారింపవలెనని నా యభిప్రాయము. తొలి సభ్యులలో నొకటైన కనెక్టికట్, తన ఫుట్‌బాల్ జట్టును ఏ కూటమిలోను చేర్పక, 2020లో తిరిగివచ్చినది. 2023, 2024లలో దాని పురుషుల జట్టు జాతీయ విజేత యైనది. పొత్తునకు కీర్తి దక్కినది.

అయినను 2024లోనే బిగ్ ట్వెల్వ్ కూటమి దానితో మంతనము లాడి విరమించినది. కావున చేర్చుకొనుట తగును. విడిపోవు షరతులను ముందే వ్రాసికొనుటయు తగును.