కొండ మీద క్యాన్సర్ లేదా, అడగలేదా?

ఈరోజు ఒక సర్వే కాగితం గురించే మాట్లాడతాను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలైంది. 2019-21లో ఐదోసారి చేశారు, 6 లక్షల 36 వేల ఇళ్లు తిరిగారు. పిల్లల బరువు, రక్తహీనత, కాన్పు ఎక్కడైంది, ఇవన్నీ మాట్లాడేటప్పుడు ఆఫీసర్లు ముందుపెట్టేది ఈ లెక్కలే.

క్యాన్సర్ ప్రశ్నలు అందులో ఉన్నాయి. లేవనట్లేదు. గర్భసంచి ముఖద్వారానికి, రొమ్ముకి, నోటికి ఎప్పుడైనా క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నారా అని అడిగారు. 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ముఖద్వారం పరీక్ష అయినవాళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతం. అంటే నూటికి ఇద్దరు లేరు. రొమ్ముకి 0.9, నోటికి 0.9.

తమాషా ఏంటంటే, 2015-16 సర్వేలో ముఖద్వారం లెక్క 22.3 శాతం. నాలుగేళ్లలో ఇంత పడిపోయిందా? లేదు, ప్రశ్న మారింది. అప్పుడు పరీక్ష అయిందా అన్నారు, తర్వాత క్యాన్సర్ కోసం స్క్రీనింగ్ అయిందా అన్నారు. ఒక్క మాట మారితే లెక్క తలకిందులైంది. మరి కువిలోనో సవరలోనో ఆలోచించే మన అమ్మని తెలుగులో "గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్" అని అడిగితే ఆమె చెప్పే జవాబుకి విలువెంత?

మీకు క్యాన్సర్ ఉందా అని కూడా అడుగుతారు. డాక్టరు చూసి చెప్తేనే కదా ఉందని తెలిసేది! డోలీ మీద రోడ్డుకి మోసుకొచ్చే ఊళ్లో ఎవరు చెప్తారు? "లేదు" అని రాసుకుంటారు. కింద కూర్చున్నవాళ్లు దాన్ని కొండ మీద రోగం లేదని చదువుకుంటారు. నాకు ఎక్కువ కోపం ఇక్కడే.

ఇంకోటి, వయసు. ఆడవాళ్లని 49 ఏళ్లకి, మగవాళ్లని 54కి ఆపేశారు. 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకి ఈ మూడు క్యాన్సర్లూ చూడాలని 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది ప్రభుత్వమే. బీపీ, షుగరు అయితే 15 దాటిన అందరికీ చూశారు, ముసలమ్మలకి కూడా. అంటే మిషను పట్టుకుని అవ్వ దగ్గరకి వెళ్లారు, నోరు సంగతి మాత్రం అడగలేదు.

శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తెలియనివాళ్లు లేరు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుంటారు. ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లే. అంగిలి మాడుతుంది, అక్కడ పుండు పడుతుంది, అదే క్యాన్సర్ అవ్వొచ్చని డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. సర్వేలో పొగాకు ప్రశ్నలున్నాయి, నిప్పు ఏ వైపని మాత్రం లేదు.

జిల్లా లెక్క సంగతి కూడా వినండి. ఐదో సర్వే అప్పటికి మన్యం జిల్లా, అల్లూరి జిల్లా లేవు, 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. పాడేరు, అరకు అంతా విశాఖ నగరంతో కలిపి ఒక్క అంకె. బీచ్ రోడ్డు ఆసుపత్రులూ మన కొండలూ ఒకే గంపలో.

కాబట్టి మనం అడగాల్సింది ఇది. వయసు 65 దాకా పెంచండి. "నోట్లో మానని పుండు ఉందా, ముట్టు ఆగాక రక్తం పోతోందా, రొమ్ములో గడ్డ తగిలిందా" అని మామూలు మాటల్లో, మన భాషల్లో, మన పిల్లల్నే పెట్టి అడగండి. ఔనన్న మనిషిని రాసుకుని వెళ్లిపోకుండా పీహెచ్‌సీకి పంపండి. ఏజెన్సీ లెక్క విడిగా అచ్చేయండి.

సర్వేతో రోగం నయమవ్వదని ఒక అన్న అన్నాడు. నిజమే. కానీ లెక్కలో లేని ఊరికి క్యాంపు పెట్టమంటే "అక్కడ కేసులు లేవు కదా" అనే మాట వస్తుంది.

వినతిపత్రం బయట బల్ల మీద ఉంది. ఢిల్లీలో ఆరోగ్య శాఖకి ఒకటి, సర్వే చేసే ముంబయి జనాభా అధ్యయన సంస్థకి ఒకటి. సంతకాలు పెట్టి వెళ్లండి, అవ్వలు వేలిముద్ర వేసినా చాలు.