గడప దాటిన భక్తి

1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే 20 ఏళ్ల విద్యార్థికి తోటివాళ్ల నుంచి ఒక సవాలు ఎదురైంది: మీ చర్చి ఇవాళ పేదలకు ఏం చేస్తోంది? ఆయన వాదనతో సరిపెట్టలేదు. మిత్రులను వెంటబెట్టుకుని, సిస్టర్ రోజలీ రాండ్యు దారి చూపగా, రొట్టె చీటీలతో పేదల ఇళ్లకు వెళ్లాడు. అలా పుట్టిందే పునీత విన్సెంట్ డి పాల్ సభ.

నేడు ఎన్నో దేశాల కతోలిక విచారణల్లో ఈ సభ పనిచేస్తోంది. సభ్యులు క్రమం తప్పకుండా కలుస్తారు, ప్రార్థిస్తారు. విరాళాల సంచి తిప్పితే ఎవరెంత వేశారో ఎవరికీ తెలియదు. తర్వాత ఇద్దరిద్దరుగా వెళ్లి, మంచం పట్టినవారి పక్కన కూర్చుని కష్టసుఖాలు వింటారు. ఉద్యోగ విరమణ చేసినవారికీ, ఒంటరివారికీ 'నాతో పనుంది' అన్న ధైర్యం దొరికేది ఇక్కడే. మీ విచారణలో ఇలాంటి సభ ఉంటే, ఈ ఆదివారం పూజ ముగిశాక వాళ్లను పలకరించండి.