కారు వెనుక గూడుబండి

గూడుబండి యనుమాట నేటి పిల్లలకు కొత్తగా తోచవచ్చును గాని, వారి తాతలకు అది కొత్తది కాదు. వెదురుబద్దలు వంచి, పైన చాప కప్పి, లోపల గడ్డి పరచి, దానిపై బొంత వేసిన రెండెడ్ల బండియే ఒకనాడు మన ప్రయాణవాహనము, మన పడకటిల్లు కూడ. రెండేండ్ల కొకసారి మేడారమున జరుగు సమ్మక్క సారలమ్మ జాతరకు ఇట్టి బండ్లలో కుటుంబములకు కుటుంబములే తరలిపోయెడివి. చెట్టునీడను బండి విప్పి, ఎడ్లకు మేత వేసి, ప్రక్కనే మూడు రాళ్ల పొయ్యి మీద వండుకొని, రాత్రి బండిలోనో బండిక్రిందనో పరుండెడివారు.

కారు వెనుక తగిలించుకొని పోవు చిన్న పడకబండి ఈ అమరికకే మరియొక రూపము. దాని ఆకారము ముందు గుండ్రముగను, వెనుకకు పోను పోను వాలుగను ఉండి నీటిబొట్టును పోలుటచే, అమెరికాలో దానిని టియర్‌డ్రాప్ ట్రైలర్ అనిరి. అచ్చట అది 1930-40 నడుమ పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, యుద్ధావసరములకు పోగా మిగిలిన అల్యూమినియము, జీపు చక్రములు చౌకగా దొరకెను. 1947లో ‘మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్’ వంటి పత్రికలు కొలతలతో పటములు ప్రకటించెను. సామాన్య గృహస్థులు తమ పెరటిలోనే దీనిని చేసుకొనసాగిరి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు దీనికి వాడుకైన కొలత. ప్లైవుడ్డు పలక కొలతయు అదియే గనుక కోత వృథా కాదు.

ఇట్టి బండిని కొనదలచినవారు గాని, చేయింపదలచినవారు గాని మొట్టమొదట లోపల ఏమేమి పట్టునని చూతురు. చూడవలసినది అది కాదు. మన కారు ఎంత బరువు లాగగలదు, అంతకంటె ముఖ్యముగా, ఎంత బరువును ఆపగలదు? లాగుట యింజను పని. ఆపుట ప్రాణముల పని. కారుతో ఇచ్చిన పుస్తకములో దీని జవాబుండును. చిన్న కార్లు అనేకములకు వెనుక ఏమియు తగిలింపరాదని అందులో స్పష్టముగ వ్రాసి యుండును. అట్లున్నచో మేస్త్రీ యెంత ధైర్యము చెప్పినను వినరాదు. ఖాళీబండియే సాధారణముగా 300 మొదలు 500 కిలోల వరకు తూగును. దానిపై పరుపు, పాత్రలు, బ్యాటరీ, నీరు. ఇరువది లీటర్ల డబ్బా యొక్కటి నింపిన ఇరువది కిలోలు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడచి, శ్రీశైలము, హైదరాబాదుల మీదుగ కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. ఆయనకు పల్లకి కలదు, డేరాలు కలవు, మోయువారు కలరు. బరువెక్కువైనచో మరి యిద్దరు బోయీలను కుదుర్చుకొనవచ్చును. కారుకు మరియొక బ్రేకును అట్లు దారిలో కుదుర్చుకొనుట సాధ్యమా!

ఇక బరువు ఎంత అనుదానితో సమానముగ, బరువు ఎక్కడ అనునది ముఖ్యము. దీనిని మన బండివాండ్రు ఏ పుస్తకమును చదువకయే యెరుగుదురు. ముందు బరువు మించినచో కాడి ఎద్దుల మెడలను నలుపును. వెనుక బరువు మించినచో నొగలు పైకి లేచి, మెడపట్టెలు గొంతుకు బిగియును. అందుచే బస్తాలు వేయునపుడే ఇరుసుకు ముందెన్ని, వెనుక నెన్ని యని చూచి సర్దెడివారు. కారు వెనుక బండికిని ఇదే న్యాయము. మొత్తము బరువులో పదవ వంతు మొదలు నూటికి 15 వంతుల వరకు ముందు కొక్కెము మీద పడునట్లు సర్దవలెనని అమెరికాలో వాడుక. అనగా 400 కిలోల బండికి కొక్కెము కడ 40 మొదలు 60 కిలోలు. కారు పుస్తకములో ఇంతకు తక్కువ హద్దు చెప్పియున్నచో ఆ హద్దునే పాటించవలెను. మనుష్యులు ఎక్కి తూగు చిన్న యంత్రమును కొక్కెము క్రింద నుంచి దీనిని ఇంటనే చూచుకొనవచ్చును.

చిక్కేమన, ఈ బండ్లలో వంటసామాను అరలు వెనుకభాగమున ఉండును. వెనుక తలుపు పైకెత్తినచో అదియే వంటగది, ఎత్తిన తలుపే దాని చూరు. చూచుటకు ముచ్చటగా నుండును. గృహిణి చేతికి అందునట్లు బియ్యము, పప్పు, రోలు, నీళ్లడబ్బా సమస్తము అచ్చటికే చేరును. ముందు తేలికై వెనుక బరువైన బండి వేగము హెచ్చినకొలది ఇటునటు ఊగి, తుదకు కారునే త్రిప్పివేయగలదు. కావున నీరు, బ్యాటరీ ఇరుసుకు ముందే ఉండవలెను. రోలు ఇంటనే ఉండవలెను. దారిలో ఊపు మొదలైనచో గట్టిగా బ్రేకు త్రొక్కక, చక్రము కదలకుండ పట్టుకొని, వేగము దానంతట తగ్గనీయవలెను.

కారుకు బండికి నడుమ ఉండు గుండు, దానిపై కూర్చుండు గిన్నె ఒకే కొలతవై యుండవలెను. 50 మిల్లీమీటర్ల గుండునకును, రెండంగుళముల గుండునకును తేడా వెంట్రుకవాసియే గాని, ఆ వెంట్రుకవాసియే చాలును. రెండు గొలుసులు అడ్డముగ దాటించి కట్టుట తప్పనిసరి.

మేము ఎర్రగడ్డవారము గనుక మా ఆదివారపు సంత సంగతి చెప్పకుండ ఉండలేము. దారి ప్రక్క పాత పనిముట్లు, బందులు, గొళ్లెములు, రేకుపెట్టెలు కుప్పలుగా పోసి అమ్ముదురు. ఓపికగా ఏరినచో అరల అమరికకు కావలసినవన్నియు అచ్చటనే దొరకును. అయితే టైర్లు, బేరింగులు, కొక్కెములు మాత్రము అచ్చట కొనరాదని మా గట్టి అభిప్రాయము. టైరు ప్రక్కగోడపై నాలుగంకెలుండును: 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. గాడులు నిండుగ నున్నను, ఏండ్లు మీరిన రబ్బరు ఎండకు పగులును. మా ప్రక్కనున్న సనత్‌నగరములో 1942లో నెలకొన్న ఆల్విన్ కర్మాగారము ఒకప్పుడు బస్సులకు పైకట్టు కట్టినది. ఆ పరిసరములలో రేకుపని ఎరిగిన చేతులు నేటికిని కొరత లేవు.

ప్లైవుడ్డు కొనునపుడు ఐ.ఎస్. 710 గుర్తు గల మెరైన్ రకమునే అడుగవలెను. 303 గుర్తు గలది చౌక, కాని అది సాధారణపు పనులకు ఉద్దేశింపబడినది. మన యెండలకు లోహపు రేకు క్రింద థర్మోకోలు పొర లేక నిద్ర పట్టదు. రెండు ప్రక్కల దోమవల గల కిటికీలు, కప్పున ఒక గాలిద్వారము ఉండితీరవలెను. ఇంత చిన్న గదిలో ఇద్దరు తలుపులు బిగించి పడుకొనుట మంచిది కాదు. పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని ఎంత చలి వేసినను లోపల వెలిగింపరాదు. దాని విషవాయువునకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణము తీయును.

ఇందులో పరుండువారు ఇద్దరే. పిల్లలకు ప్రక్కన చిన్న డేరా కావలెను. మోకాళ్ల నొప్పులు గల అత్తగారిని, మామగారిని ఇందు దూరుమనుట న్యాయము కాదు. లోపల నిలుచుటకు వీలు లేదు, ప్రాకవలసినదే. వారికి ఏ సత్రమునందో గది చూచి, తాము బండిలో పరుండుట మర్యాద.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 61వ విభాగము ప్రకారము, వెనుక తగిలించు బండికిని వేరుగ రిజిస్ట్రేషను అవసరము. లాగు కారు సంఖ్యయు దానిపై కనబడవలెను. చేయించిన తరువాత గాక, చేయింపక మునుపే రవాణా కార్యాలయమున విచారించుట మేలు. ఇంటివద్ద నిలుపుచోటు సంగతియు అంతే. మా సందులలో వెనుకకు త్రిప్పుట దుర్లభము. కారు విప్పి ఇద్దరు మనుష్యులు చేతితో నెట్టగల బండియే ఇచ్చటివారికి తగినది.

మొదటిసారి శ్రీశైలము ఘాటుకు పోరాదు. కార్తికము వెళ్లిన పిమ్మట, వానలు లేని రోజున, మూసీనది పుట్టిన అనంతగిరి వరకు పోయిరావచ్చును. అడవిలో విడియుటకు అటవీశాఖవారి అనుమతి ముందే పొందవలెను. ఇల్లు విడచిన అరగంటకే ఒకచోట ఆగి, చక్రపు నట్లు మరల బిగించి, ఇరుసుకొనను చేతితో తాకి చూడవలెను. గోరువెచ్చగ నున్నచో సాగవచ్చును. చేయి పెట్టలేనంత కాలుచున్నచో ఆనాటికి వంట ఆ దారిప్రక్కనే చేసుకొని, మెల్లగ ఇంటికి మరలవలెను.